రెండేళ్ల జీతమే అసలు ఫీజు

పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్, అంటే డిప్లొమా చేసిన నర్సులు చదివే డిగ్రీ, చేయాలా వద్దా అని ఆలోచించే సిస్టర్లు మొదట అడిగేది కాలేజీ ఫీజు ఎంత అని. అడగాల్సిందే. కానీ అది చిన్న లెక్క. నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక ప్రైవేటు దవాఖానలో నెలకు 18 వేలకు పనిచేస్తున్న జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) నర్సును ఉదాహరణకు తీసుకోండి. రెగ్యులర్ కోర్సు 2 ఏళ్లు. ఉద్యోగం మానేసి చేరితే 24 నెలల జీతం, అంటే 4 లక్షల 32 వేలు, ఇంటికి రాదు. ఫీజు, హాస్టలు, యూనిఫాం, రికార్డులు, పోస్టింగులకు, అంటే దవాఖానల్లో చేసే శిక్షణకు, బస్సు ఛార్జీలు ఆ పైన. ఆ జీతాన్ని నమ్ముకుని ఇంట్లో ఒక చిట్టీ నడుస్తుంటుంది, తమ్ముడి హాస్టలు ఫీజో పిల్లల స్కూలు ఫీజో ఉంటుంది, అమ్మ బీపీ మందులుంటాయి. చదువుకోవాలన్న ఆశ లేక ఎవరూ ఆగిపోవడం లేదు. ఆ 24 నెలలు ఇల్లు గడిచే దారి కనిపించక ఆగిపోతున్నారు.

ఆ రెండేళ్ల జీతం వదులుకోవాల్సిన అవసరం ఈ చదువులో పుట్టింది కాదని, చదువు నడిపే పద్ధతిలో ఉందని నా వాదన. పద్ధతి మారేదాకా చేరాలనుకునేవాళ్లు ఏం చూసుకోవాలో కూడా చెబుతాను. ఈ రెండూ వేరు చేసి మాట్లాడితే లాభం లేదు.

ముందు నిచ్చెన మెట్లు చూద్దాం. ఇంటర్ తర్వాత జీఎన్‌ఎం 3 ఏళ్ల డిప్లొమా. ఏ గ్రూపు చదివినా, ఇంగ్లిష్ ఉండి 40 శాతం మార్కులొస్తే చేరవచ్చు. నేరుగా 4 ఏళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు మాత్రం బైపీసీ కావాలి. అందుకే మన జిల్లాల్లో సీఈసీ, హెచ్‌ఈసీ, ఒకేషనల్ చదివిన అమ్మాయిలు ఎక్కువగా జీఎన్‌ఎం వైపే వచ్చారు. వాళ్లకు డిగ్రీ తలుపు మూసుకుపోకుండా పెట్టిన మెట్టే 2 ఏళ్ల పోస్ట్ బేసిక్. జీఎన్‌ఎం పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో ఆర్‌ఎన్‌ఆర్‌ఎం (రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు చేరవచ్చు. మన తెలంగాణలో కాలేజీలు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉంటాయి. ఏటా ఇచ్చే ప్రవేశాల నోటిఫికేషన్‌ను చివరి పేజీదాకా చదవండి. పోయినేడు చేరిన స్నేహితురాలు చెప్పిన మాట మీద ఈ ఏడు నడవకూడదు.

ఇక అసలు ప్రశ్న: డిగ్రీ ఎందుకు? "డిగ్రీ ఉంటే మంచిది కదా" అన్నది జవాబు కాదు. ఏ తలుపు తెరవాలని చదువుతున్నారో తేల్చుకోకుండా 4 లక్షల జీతం వదులుకోవద్దు.

రాష్ట్ర ప్రభుత్వ స్టాఫ్ నర్సు ఉద్యోగమే మీ గురి అయితే, పోస్ట్ బేసిక్ వల్ల ఒక్క మార్కు కూడా అదనంగా రాదు. ఆ ఉద్యోగానికే ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అని పేరు. మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2022 డిసెంబరులో 5,204 పోస్టులకు, 2024 సెప్టెంబరులో 2,050 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చింది. రెండింటిలోనూ జీఎన్‌ఎం చాలు. 80 పాయింట్లు రాతపరీక్షకు, 20 పాయింట్లు ప్రభుత్వ దవాఖానల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు. అంటే కాంట్రాక్టు మీద పనిచేస్తున్న నర్సు కోర్సు కోసం ఆ పని మానేస్తే, డిగ్రీ వస్తుంది గానీ సర్వీసు పాయింట్లు పెరగడం ఆగిపోతుంది. 6 నెలల సర్వీసుకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతమైతే 2.5. అమ్రాబాద్ వైపో దేవరకొండ తండాల వైపో గిరిజన ప్రాంతం కింద వచ్చే పీహెచ్‌సీలో చేస్తున్న సిస్టర్ 2 ఏళ్లు బయటికి వస్తే పోయేది 10 పాయింట్లు. పరీక్షలో 10 పాయింట్లు సంపాదించడం ఎంత కష్టమో రాసినవాళ్లకు తెలుసు.

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్ష సంగతి వేరు. బీబీనగర్ ఎయిమ్స్ మన ఉమ్మడి నల్గొండ నేల మీదే ఉంది కాబట్టి చాలామందికి దాని మీద ఆశ. జీఎన్‌ఎం వాళ్లూ రాయవచ్చు, కానీ కనీసం 50 పడకల దవాఖానలో 2 ఏళ్ల అనుభవం ఉండాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు ఆ షరతు లేదు. వయసు పరిమితి 30, రిజర్వేషన్ సడలింపులు దాని మీద. మన ఊళ్లలో 20, 30 పడకల నర్సింగ్ హోములే ఎక్కువ. అక్కడ ఐదేళ్లు నైట్ డ్యూటీలు చేసినా ఆ అనుభవం నార్సెట్‌కు లెక్కలోకి రాదు. అలాంటివాళ్లకు డిగ్రీ నిజంగా ఒక తలుపు తెరుస్తుంది. ఇప్పటికే 100 పడకల దవాఖానలో చేస్తున్నవాళ్లు మాత్రం 2 ఏళ్ల అనుభవం పూర్తిచేసుకుని పరీక్షకు కూర్చోవడమే నయం. ఆ ఉద్యోగం కేంద్ర వేతన పట్టికలో 7వ లెవెల్, మూలవేతనం 44,900.

టీచింగ్ వైపు వెళ్లాలంటే డిగ్రీ తప్పదు. ట్యూటర్‌గా, క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరడానికి బీఎస్సీ లేదా పోస్ట్ బేసిక్, దానితోపాటు ఏడాది అనుభవం అడుగుతారు. ఎమ్మెస్సీ నర్సింగ్‌కు వెళ్లాలంటే డిగ్రీలో 55 శాతం కావాలి. ఇక్కడ జీఎన్‌ఎం వాళ్లకు కలిసొచ్చే నిబంధన ఒకటుంది, దాన్ని చాలామంది గమనించరు. 4 ఏళ్ల బీఎస్సీ చేసినవాళ్లు డిగ్రీ తర్వాత ఏడాది పనిచేయాలి. పోస్ట్ బేసిక్ వాళ్లకు ఆ ఏడాది అనుభవం డిగ్రీకి ముందుదైనా చెల్లుతుంది. అంటే మీరు జీఎన్‌ఎం తర్వాత చేసిన డ్యూటీలు ఇక్కడ వృథా కావు, దానికి సరైన సర్టిఫికెట్ చేతిలో ఉంటే.

విదేశాల విషయంలో ఒకే మాట అన్ని దేశాలకూ చెప్పే ఏజెంటును నమ్మవద్దు. జర్మనీకి అడ్డం డిప్లొమా కాదు, భాష. బీ2 అనే స్థాయి దాకా జర్మన్ రావాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాలు నడుపుతుంది, ముందు అక్కడ కనుక్కోండి. బ్రిటన్‌లో ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష, ఆ తర్వాత సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష, ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష. ఆస్ట్రేలియా మాత్రం డిగ్రీ స్థాయి చదువే కావాలంటుంది. సౌదీలో డిప్లొమా వాళ్లను టెక్నీషియన్ అని, డిగ్రీ వాళ్లను స్పెషలిస్టు అని వేరు చేస్తారు, జీతంలో ఆ తేడా కనిపిస్తుంది. సౌదీకో ఆస్ట్రేలియాకో వెళ్లాలనుకునేవాళ్లకు పోస్ట్ బేసిక్ పెట్టుబడి. జర్మనీ వెళ్లాలనుకునేవాళ్లు అదే 2 ఏళ్లు భాష మీద పెట్టడం మేలు.

భయపడి చేరేవాళ్లు కూడా ఉన్నారు. జీఎన్‌ఎం కోర్సు ఎత్తేస్తారన్న వార్త కొన్నేళ్లుగా వస్తూ పోతూ ఉంది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చాక ఆ భయం ఇంకా పెరిగింది. ఇప్పటికే రిజిస్టరైన నర్సు పేరు ఈ చట్టంతో చెల్లకుండా పోదు. ఆ భయంతో అప్పు చేయవద్దు.

ఇప్పుడు చదువు లోపలికి వెళ్దాం. "మాకు తెలిసిందే మళ్లీ చెప్తారు" అన్న మాట తరచూ వినిపిస్తుంది. సగం నిజం. మొదటి ఏడాదిలో మెడికల్ సర్జికల్ నర్సింగ్‌కు 270 గంటల ప్రాక్టికల్, మాతృ నర్సింగ్‌కు 240, పిల్లల నర్సింగ్‌కు 240. రెండో ఏడాది కమ్యూనిటీ హెల్త్ 240, మెంటల్ హెల్త్ 240. ఈ ఐదు సబ్జెక్టులే 1,230 గంటలు, 8 గంటల డ్యూటీ లెక్కన 154 డ్యూటీలు. ఇందులో చాలావరకు జీఎన్‌ఎంలోనూ చేసిన పోస్టింగులే. కొత్తవి వేరే ఉన్నాయి: బయోకెమిస్ట్రీ బయోఫిజిక్స్ 60 గంటల థియరీ, నర్సింగ్ ఎడ్యుకేషన్ 60 గంటల థియరీతో 75 గంటల ప్రాక్టికల్, అడ్మినిస్ట్రేషన్ 60తో 180, రీసెర్చ్ స్టాటిస్టిక్స్ 45తో 120. ఫెయిలయ్యేదీ ఇక్కడే, డిగ్రీకి విలువ వచ్చేదీ ఇక్కడే.

బయోకెమిస్ట్రీ పేరు వింటేనే సీఈసీ, హెచ్‌ఈసీ నుంచి వచ్చినవాళ్ల గుండె జారుతుంది. మొదటి పేజీ నుంచి బట్టీ పడితే రాదు. మీ వార్డు నుంచి మొదలుపెట్టండి. డీకేఏ, అంటే షుగర్ అదుపు తప్పి రక్తంలో ఆమ్లం పెరిగిన కేసు వచ్చింది. షుగర్ 450. ఇన్సులిన్ డ్రిప్ పెట్టమని డాక్టరు రాశారు, దాంతోపాటు పొటాషియం రిపోర్టు చూడమన్నారు. ఎందుకు చూడాలి? ఇన్సులిన్ గ్లూకోజునే కాదు, పొటాషియాన్ని కూడా రక్తంలోంచి కణంలోకి తోస్తుంది. రక్తంలో పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5. అప్పటికే 3.3 కన్నా తక్కువ ఉన్న రోగికి ఇన్సులిన్ ఎక్కిస్తే అది ఇంకా పడిపోయి గుండె లయ తప్పుతుంది. అందుకే ముందు పొటాషియం ఎక్కించి, ఆ తర్వాత ఇన్సులిన్. వార్డులో ఇన్నాళ్లూ చేతులు చేసిన పనికి కారణం ఆ 60 గంటల్లో దొరుకుతుంది. కారణం తెలిసిన నర్సు రాత్రి 2 గంటలకు రిపోర్టులో 3.1 చూసి డ్రిప్ మొదలుపెట్టకుండా డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తుంది. నా దృష్టిలో డిగ్రీ ఇవ్వాల్సింది ఇదే. పరీక్షలోనూ ఆమ్లక్షార సమతుల్యం, ఎలక్ట్రొలైట్లు, కాలేయ, మూత్రపిండ పరీక్షలు గట్టిగా వస్తే మిగతాది నిలబడుతుంది.

రీసెర్చ్ పరిస్థితి బాధగా ఉంటుంది. కాలేజీ లైబ్రరీలో పాత ప్రాజెక్టులు తిరగేయండి. "ఫలానా విషయంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం" అన్న శీర్షిక ఒకదాని వెనక ఒకటి. ముందు 30 ప్రశ్నలు, తర్వాత 40 నిమిషాల పాఠం, వారానికి మళ్లీ అవే 30 ప్రశ్నలు. పాఠం చెప్పాక మార్కులు పెరగకుండా ఉంటాయా? దానివల్ల వార్డులో ఏమీ మారదు. పనిచేసి వచ్చిన నర్సు చేతిలో ఇంతకన్నా మంచి ప్రశ్నలుంటాయి. కాన్యులా, అంటే మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం, పెట్టిన చోట ఎంతమందికి చెయ్యి వాస్తోంది, ఎన్ని గంటలకు వాస్తోంది, ఏ మందు వెళ్తున్నప్పుడు వాస్తోంది? దీనికి కావాల్సింది ఒక పట్టిక: పెట్టిన తేదీ, గంట, ఏ గేజి (గొట్టం సైజు), ముంజేతికా మణికట్టుకా, ఏ మందు, షిఫ్టుకోసారి నరం వాపును 0 నుంచి 5 దాకా కొలిచే వీఐపీ స్కోరు. 40 మంది రోగులతో మొదలుపెట్టవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి, సూపరింటెండెంట్ రాతపూర్వక అనుమతి, రోగి సమ్మతి ముందే తీసుకోవాలి. డేటా పోగుచేశాక అడిగితే ఎవరూ ఇవ్వరు. ఈ పని ఎక్కడ చెడుతుందంటే, ప్లాస్టరు మీద కాన్యులా పెట్టిన తేదీ, గంట రాసి ఉండవు. అది లేకపోతే మీ లెక్క మొత్తం ఊహే. అందుకని మొదటి వారం డేటా తీసుకోకండి. ప్లాస్టరు మీద తేదీ, గంట రాయడం వార్డులో అందరికీ అలవాటు చేయండి. ప్రాజెక్టు పూర్తయ్యాక మీరు వెళ్లిపోయినా ఆ అలవాటు వార్డులో మిగులుతుంది.

కమ్యూనిటీ హెల్త్ అయితే మన జిల్లాలే పాఠ్యపుస్తకం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన నడుములు చూడకుండా తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకెను బట్టీ పట్టడం దేనికి? పటికా సున్నమూ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు. పాలమూరు వైపు వలసలు. ముంబైకో పుణెకో పనికి వెళ్లిన తల్లి బిడ్డతో తిరిగొచ్చేసరికి టీకాల కార్డు ఎక్కడో పోయి ఉంటుంది. ఏ టీకా ఎక్కడ పడింది, ఏది మిగిలింది, మళ్లీ ఎలా మొదలుపెట్టాలి అన్న ప్రశ్నకు జవాబు వెతకడం కన్నా గొప్ప ఫీల్డు పోస్టింగు ఏముంటుంది? సోషియాలజీ, సైకాలజీ, ఇంగ్లిష్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, క్రమంగా క్లాసులకు వెళ్తే గట్టెక్కుతారు.

ఇప్పుడు నా వాదన దగ్గరికి వస్తాను. ఆ 1,230 గంటల్లో లేబర్ రూం, పిల్లల వార్డు, సర్జికల్ వార్డు, పీహెచ్‌సీ పనులున్నాయి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వాటికి అనుబంధంగా బోధనాసుపత్రులున్నాయి. అక్కడ పనిచేసే జీఎన్‌ఎం నర్సు లేబర్ రూంలో 240 గంటలు గడపడానికి అదే లేబర్ రూంలో ఉద్యోగం ఎందుకు వదులుకోవాలి?

పనిచేస్తూ చదవడం కుదరదనేవాళ్లకు దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీ పోస్ట్ బేసిక్ జవాబు. 1994 నుంచి అది నడుస్తోంది. కాలం 3 ఏళ్లు. ఆర్‌ఎన్‌ఆర్‌ఎం తర్వాత కనీసం 2 ఏళ్ల అనుభవంతో ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసమే పెట్టిన కోర్సు. స్టడీ సెంటరులో కాంటాక్ట్ క్లాసులు, ప్రాక్టికల్స్ తప్పనిసరి, అసైన్‌మెంట్లు, చివర పరీక్షలు. ఇంట్లో కూర్చుని అయ్యేది కాదు. ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, జీతం మాత్రం ఆగదు. చిక్కంతా దూరమే. మక్తల్‌లోనో కల్వకుర్తిలోనో నైట్ దిగిన సిస్టర్ కాంటాక్ట్ క్లాసుకు హైదరాబాద్ చేరేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. అందుకే మధ్యలో వదిలేస్తారు. ఆ నమూనాను జిల్లాకు తేవాలంటున్నాను. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నచోట ఇన్‌సర్వీస్ నర్సులకు 3 ఏళ్ల బ్యాచ్ ఒకటి, వారానికి రెండు రోజులు క్లాసు, ప్రాక్టికల్ గంటలు సొంత ఆసుపత్రిలోనే.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది, ఐదేళ్లు డయాలసిస్‌లోనే ఉన్న నర్సు లేబర్ రూం చూసి ఎన్నాళ్లవుతుందో. ఉన్న డ్యూటీనే ప్రాక్టికల్ గంటలుగా రాసేస్తే మోసం అవుతుంది. కాబట్టి వార్డు మారాలి. మెడికల్ సర్జికల్ 270 గంటలు అయ్యాక 240 గంటలు లేబర్ రూంకు, తర్వాత పిల్లల వార్డుకు రోస్టరులోనే రొటేషన్ పడాలి. రెండోది, డ్యూటీ చేయడం వేరు, నేర్చుకోవడం వేరు. 30 మందికి ఇంజెక్షన్లు వేసి హ్యాండోవర్ ఇచ్చి వెళ్లిపోతే ఆ 8 గంటలు కూలి గంటలే. ప్రాక్టికల్ గంట అనిపించుకోవాలంటే ఒకరిద్దరు రోగులను పూర్తిగా చూసి, కేర్ ప్లాన్ రాసి, ట్యూటరు ముందు కేసు చెప్పాలి. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి. ఆ లెక్క కాగితం మీదే ఉన్నచోట చదివే నర్సును వార్డు పనిలోంచి తప్పించడం హెడ్ నర్సుకు సాధ్యం కాదు. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. బ్యాచ్‌లో ఎంతమందిని తీసుకుంటే అన్ని పోస్టులు ఆ 3 ఏళ్లకు అదనంగా ఇవ్వాలి. లేకపోతే ఒకరి చదువు భారం పక్క సిస్టర్ల నెత్తిన పడుతుంది, వార్డులో మనస్పర్థలు మొదలవుతాయి. మూడోది, మెంటల్ హెల్త్ 240 గంటలు జిల్లాలో పూర్తికావు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్లాల్సిందే. అది 30 డ్యూటీలు. ఆ నెలకు ఆన్ డ్యూటీ ఇస్తే సరిపోతుంది, దాని కోసం 2 ఏళ్లు సెలవు పెట్టనక్కర్లేదు.

ప్రైవేటులో చేసేవాళ్లు ఈ పథకంలోకి రారు కదా అంటారు. రావాలి. 2016లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వేసిన నిపుణుల కమిటీ ప్రైవేటు నర్సుల జీతాల మీద స్పష్టంగా చెప్పింది. 50 పడకల లోపు దవాఖానలోనైనా నెలకు 20 వేలకు తగ్గకూడదు, 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఉండాలి. అది సిఫారసుగానే మిగిలిపోయింది. జీతం చేతికి నిండుగా రాని నర్సు రెండేళ్లకు సరిపడా డబ్బు కూడబెట్టి చదవాలనడం న్యాయమా? జిల్లా బ్యాచ్‌లో కొన్ని సీట్లు వాళ్లకూ ఉంచాలి.

సక్రమమైన దారి ఇంత ఇరుకుగా ఉంది కాబట్టే దొడ్డిదారి ఇంత వెడల్పయింది. "నాన్ అటెండింగ్" అంటారు దాన్ని. ఫీజు కట్టండి, ఉద్యోగం చేసుకోండి, పరీక్షలకు వస్తే చాలు, హాజరు సంగతి మేం చూసుకుంటాం. మన రాష్ట్రంలోనూ వినిపించే మాటే, సరిహద్దు అవతలా వినిపించే మాటే. ఒప్పుకున్న సిస్టర్లను నేను తిట్టను. వాళ్ల ఇంటి లెక్క నాకు అర్థమవుతుంది. కానీ ఏం జరుగుతుందో తెలిసి ఒప్పుకోవాలి.

రెగ్యులర్ కోర్సులో థియరీకీ ప్రాక్టికల్‌కూ 80 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ 100 శాతం పూర్తికావాలి. నాన్ అటెండింగ్ చేసిన నర్సు దగ్గర రెండు కాగితాలుంటాయి. ఒకటి, 2 ఏళ్లు రోజంతా కాలేజీలో ఉన్నానని చెప్పే డిగ్రీ. రెండోది, అవే 2 ఏళ్లు రోజంతా దవాఖానలో ఉన్నానని చెప్పే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. రెండూ ఒకే ఫైలులో పెట్టిన రోజు చిక్కు మొదలవుతుంది. గల్ఫ్ లైసెన్సులకు డేటాఫ్లో అనే సంస్థ కాలేజీకీ, యూనివర్సిటీకీ, పాత దవాఖానకూ నేరుగా రాసి తేదీలు కనుక్కుంటుంది. తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే అనుభవమైనా కొట్టేస్తారు, చదువు మీదైనా అనుమానం రాస్తారు. ఒకసారి ప్రతికూల రిపోర్టు పడితే దాన్ని తుడిపించుకోవడం గగనం. డబ్బూ పోయి, ఏళ్లూ పోయి, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది పరిస్థితి. అది గాక ఆ పొటాషియం పాఠం ఎవరూ చెప్పలేదన్నది అలాగే ఉంటుంది. దానికి మూల్యం రోగి చెల్లిస్తాడు.

సక్రమంగా చేరేవాళ్లు కూడా కాగితాల దగ్గర బోర్లాపడుతున్నారు. ఉద్యోగం మానే ముందు, మాట మంచిగా ఉన్నప్పుడే ఎక్స్‌పీరియన్స్ లెటరు తీసుకోండి. అందులో చేరిన తేదీ, రిలీవైన తేదీ, హోదా, ఏ వార్డు, ఫుల్‌టైమ్ అన్న మాట, దవాఖాన పడకల సంఖ్య ఉండాలి. పడకల సంఖ్య లేని లెటరు నార్సెట్ వెరిఫికేషన్లో అక్కరకు రాదు. జీతం చేతికిస్తున్నారంటే ఇప్పుడే బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. పీఎఫ్ ఉంటే యూఏఎన్ పాస్‌బుక్‌లో మీ సర్వీసు తేదీలు లెటరుతో సరిపోతున్నాయో చూడండి. చేరేటప్పుడు ఒరిజినల్స్ పెట్టించుకుని, వదిలేటప్పుడు బాండు డబ్బు కట్టమనే చోట్లు ఇంకా ఉన్నాయి. బాండు పద్ధతి తప్పని నర్సింగ్ కౌన్సిలే చెప్పింది. అడగడానికి వెనకాడకండి, అడిగిన మాట రాతలో పెట్టండి.

పేరు ఇంకో పెద్ద గండం. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరుతుంది. నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్ మీద నాలుగో రకం. ఎస్సెస్సీ మెమోనే ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేయించండి, డిగ్రీలో చేరకముందే. డిగ్రీ పట్టా మీద తప్పు పడ్డాక వరంగల్ చుట్టూ తిరగాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా వెతికి పెట్టుకోండి, స్థానికత తేలేది వాటితోనే. కాలేజీ మూతపడిందో స్కూలు పేరు మారిందో ఉంటే మండల విద్యాధికారి ఆఫీసులో ముందుగా కనుక్కోండి.

2014 జూన్ 2కు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో రిజిస్టరైనవాళ్లు, కర్ణాటకలో జీఎన్‌ఎం చేసి అక్కడే రిజిస్టరైనవాళ్లు తెలంగాణ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ముందుగా తెచ్చుకోవాలి. పాత కౌన్సిల్ ఎన్‌ఓసీ వచ్చేదాకా కొత్తది కదలదు. ప్రవేశాల నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే ఆ ఏడు పోయినట్టే. రెన్యువల్ గడువు కూడా చూసుకోండి.

డిగ్రీ చేతికొచ్చాక చాలామంది పట్టా ఫొటో స్టేటస్‌లో పెట్టి అక్కడితో ఆగిపోతారు. ఒక పని మిగిలే ఉంటుంది. కౌన్సిల్‌లో అడిషనల్ క్వాలిఫికేషన్ రిజిస్ట్రేషన్ చేయించాలి. అది లేకపోతే కౌన్సిల్ రికార్డులో మీరు ఇంకా జీఎన్‌ఎం నర్సే. ఎమ్మెస్సీకి గానీ, ట్యూటర్ ఉద్యోగానికి గానీ, విదేశీ వెరిఫికేషన్‌కు గానీ కౌన్సిల్ మాటే చెల్లుతుంది. పట్టాతోపాటు 2 ఏళ్ల మార్కుల మెమోలు, పాత ఆర్‌ఎన్‌ఆర్‌ఎం ఒరిజినల్, ఎస్సెస్సీ మెమో పట్టుకెళ్లండి. కొత్త సర్టిఫికెట్ చేతికివ్వగానే అక్కడే నిలబడి పేరులో ప్రతి అక్షరం, కోర్సు పేరు, చేరిన నెల, పూర్తయిన నెల చదవండి. చేరిన నెల మీ రిలీవింగ్ లెటరులోని తేదీ తర్వాతే ఉందో లేదో చూసుకుని అప్పుడు బస్సెక్కండి.